వాడు అలగలేదు, చలికాలం వచ్చింది

మా మనవడు పామును పెంచుతున్నాడు. ఈ మాట మా ప్రొద్దుటూరులో ఎవరితో అన్నా ముందు నా మొహం వంక చూస్తారు, తర్వాత "ఊరికే అంటున్నావులే" అని నవ్వేస్తారు. ఊరికే కాదు, నిజంగానే. అమెరికాలో డల్లాస్ దగ్గర మా అమ్మాయి వాళ్లింట్లో, మనమైతే దేవుడి పటాలు పెట్టుకునే మూలలో, నాలుగడుగుల అద్దాల పెట్టె ఉంది. అందులో పాము ఉంది. దానికి పేరు కూడా ఉంది, నూడిల్. నేను మాత్రం "నూడుల్సు" అనే అంటాను. పిలిచినా పలకనిదానికి ఏ పేరైతేనేం?

ఇది చదువుతుంటే మీ పక్కన పిల్లలుంటే ముందే చెప్పేయండి, మన దేశంలో మన పాముల్ని పట్టి ఇంట్లో పెంచుకోవడం నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. నాగుపామైనా, విషం లేని జెర్రిపోతైనా అంతే. మా మనవడి దగ్గరున్నది బాల్ పైథాన్ అనే రకం. పుట్టుక పడమటి ఆఫ్రికాలో, ఘనా, టోగో, బెనిన్ దేశాల వైపు. అక్కడ టెక్సాస్‌లో దుకాణంలో అమ్ముతారు. విషం ఉండదు. భయమేస్తే కరవడం కంటే ముందు తలను మధ్యలో దాచుకుని బంతిలా చుట్టుకుపోతుంది.

అది తినేది ఎలుకల్ని. చచ్చి, గడ్డకట్టి, ప్యాకెట్లలో వస్తాయి. నేను అక్కడ ఆరు నెలలున్నప్పుడు పెట్టిన మొదటి షరతు ఏమిటంటే, ఆ ఎలుకల ప్యాకెట్లూ నా గోంగూర డబ్బా ఒకే ఫ్రీజర్‌లో ఉండటానికి వీల్లేదని. మా అల్లుడు పాపం ఎదురు చెప్పకుండా వారం తిరిగేలోగా గ్యారేజీలో చిన్న ఫ్రీజరు పెట్టించాడు.

పోయిన నవంబరులో ఆ పాము తినడం మానేసింది. ప్రతి ఆదివారం సాయంత్రం మనవడు ఎలుకను వేడినీళ్లలో నానబెట్టి, పట్టకారుతో పట్టుకుని దాని ముందు ఆడిస్తాడు. అది నాలుక ఆడించి, వాసన చూసి, తల తిప్పేసుకుంటోందట. ఒక వారం పోయింది, రెండు పోయాయి, ఆరు వారాలయ్యాయి. వాడికి పదకొండేళ్లు. అక్టోబరులో వీళ్లంతా వారం రోజులు వేరే ఊరు పోతూ పామును పక్కింటి అబ్బాయికి అప్పజెప్పి పోయారు. అందుకే అది అలిగిందని, తానంటే దానికి ఇష్టం పోయిందని వాడు నిర్ణయించేసుకున్నాడు. వాడూ సగం అన్నం పళ్లెంలోనే వదిలేసి లేచిపోతున్నాడు. అల్లుడు "తెలిసినవాళ్లెవరికైనా ఇచ్చేద్దాం, ఈ గొడవ మనకెందుకు" అన్నాడు. అమ్మాయి "ఇప్పుడు ఇచ్చేస్తే వీడు ఏమైపోతాడు" అంది. వాళ్లిద్దరి మధ్యా మాటలు తగ్గాయి. ఇదంతా సరే, ఒక రాత్రి అమ్మాయి లేచి చూస్తే మనవడు పామును ఒళ్లో పెట్టుకుని, దాని నోరు తెరిచి ఎలుకను కుక్కడానికి ప్రయత్నిస్తున్నాడట. అప్పుడు నాకు ఫోన్ చేసింది. "అమ్మా, నువ్వైతే వాడు వింటాడు. పాముల సంగతి నీకు తెలుసు కదా" అంది.

నాకు తెలిసిందల్లా రెండూళ్ల సంగతి. పుట్టిల్లు జమ్మలమడుగు, మెట్టినిల్లు పులివెందుల దగ్గర పల్లె. పిల్లల చదువుల కోసం ప్రొద్దుటూరు వచ్చి స్థిరపడ్డాం కానీ, పాముల గురించి నాకు తెలిసినదంతా ఆ రెండు చోట్లదే.

జమ్మలమడుగులో మా ఇంటి ప్రహరీ నాపరాళ్లతో పేర్చింది. ఆ చుట్టుపక్కలంతా నాపరాయి గనులే కదా, ఇటుక కంటే రాయే చౌక. చలికాలం పొద్దున ఆ రాళ్లు వెచ్చబడే వేళకు సందుల్లోంచి ఏదో ఒక పాము తలకాయ బయటపెట్టి ఎండ కాచుకునేది. మా అమ్మ దాన్ని పామనేది కాదు, "పురుగు" అనేది. "పురుగు ఎండ కాగుతా ఉంది, అటు పోవద్దు" అని మమ్మల్ని వెనక వాకిలి నుంచి పంపేది. శ్రావణంలో నాగుల చవితికి రావిచెట్టు కింద నాగులకట్టకు పాలు పోయించేది. ఆ రోజు భూమిని తవ్వనిచ్చేది కాదు. పాము పాలు తాగుతుందా అని నేనడిగితే, "అది తాగేది నేను చూడలే. మనం పొయ్యడమే చూసినా" అనేది. నిజానికి పాముకు పాలు ఆహారమే కాదు. బుట్టలో ఎండబెట్టిన పాము దాహానికి ఏదైనా తాగుతుంది.

పెళ్లై అత్తగారింటికి వచ్చాక పాము ఇంటి మనిషిలా మారింది. మాది చీనీ తోట, పక్కన వానకు పండే శెనక్కాయ చేను. మోటారు షెడ్డు వెనక రాళ్లకుప్పలో ఒక జెర్రిపోతు ఉండేది. మా ఆయన కంటే పొడుగు. మా అత్త దాన్ని "పెద్దాయన" అనేది. నేను కొత్తకోడలుగా వచ్చిన వారానికే, "పాపా, పెద్దాయన కనబడితే అరవద్దు. నువ్వు నిలబడు, ఆయన పోతాడు" అని చెప్పింది. ఎవరో తోటకాపలా ముసలాయన అనుకున్నాను. మర్నాడు కాలువ గట్టు మీద చూశాక తెలిసింది ఆ పెద్దాయన ఎవరో.

మా అత్తకు చదువు లేదు. క్యాలెండరు అంటే కార్తెలే. ఏ కార్తెలో పెద్దాయన ఎక్కడుంటాడో, ఎట్లుంటాడో ఆమెకు తెలుసు. ఉగాది దాటి ఎండలు ముదిరే వేళకు ఆయనకు పౌరుషం వస్తుంది. ఒక ఏడాది కూలీలు కేకలేస్తూ పరిగెత్తుకొచ్చారు, రెండు పాములు పెనవేసుకుని నడుమెత్తు లేచి నిలబడ్డాయని, నాగుపాము జెర్రిపోతు జత కట్టాయని. ఒకాయన అయితే కొత్త తువాలు వాటి మీద కప్పి తెచ్చుకుంటే ఇంట్లో సిరి నిలుస్తుందని బయల్దేరాడు కూడా. మా అత్త వాళ్లందరినీ ఆపేసింది. "వాళ్ల కాలం అది. పది దినాలు ఆ గట్టు తొక్కొద్దు" అంది. తర్వాత నేను పుస్తకాల్లో చదివాను, అవి రెండూ జెర్రిపోతులే, రెండూ మగవే. ఆడపాము కోసం ఒకదాన్నొకటి నేలకు అదిమే కుస్తీ అది. జెర్రిపోతు నాగుపాముతో జత కట్టడమనేది లేనే లేదు. తోకతో కొడితే మనిషి చచ్చుబడతాడన్నదీ, ఆవు కాళ్లు చుట్టి పాలు తాగుతుందన్నదీ అంతే.

రోహిణి కార్తెలో మన కడప జిల్లా ఎండ మీకు తెలియనిదా, 43 డిగ్రీలు కూడా దాటిపోతుంది. అప్పుడు పెద్దాయన తెల్లవారగానే ఒకసారి, పొద్దువాలాక ఒకసారి కనబడేవాడు. మిగతా పగలంతా నీళ్లకాలువ పక్కన బొరియలో. మృగశిరలో నాలుగు చినుకులు పడ్డాయంటే ఇక ఆగడు. కప్పలు లేస్తాయి, ఎలుకల బొరియల్లోకి నీళ్లొస్తాయి, ఆయనకు పండగ. గాడిపాడు దగ్గరికీ, గడ్డివామి దగ్గరికీ, ఒక్కోసారి వంటింటి వెనక్కూ వచ్చేసేవాడు. వానాకాలంలోనే ఒక ఏడు రాళ్లకుప్పలో గుడ్లు కనబడ్డాయి. అప్పుడు తెలిసింది అక్కడ ఒక పెద్దమ్మ కూడా ఉందని. ఆ నెల రోజులు దగ్గరికి పోతే గొంతు ఉబ్బించి కుక్క గుర్రుమన్నట్టు గుర్రుమనేది. మిగతా రోజుల్లో మనిషి అలికిడికే పారిపోయే పాము.

మధ్యమధ్య కుబుసం విడిచే రోజులొచ్చేవి. కళ్ల మీద పాలపొర కమ్మినట్టు తెల్లగా అయిపోతాయి. ఆ వారం పది రోజులు దానికి చూపు సరిగా ఆనదు. ఏదీ తినదు, కదలదు, ఏది తాకినా ఉలిక్కిపడి బుస్సుమంటుంది. అది కోపం కాదు, కళ్లు కనబడక పుట్టే భయం. తర్వాత పొర కరిగి కళ్లు తేటబడతాయి. ఇంకో నాలుగు రోజులకు ఏ రాతికో మూతి రుద్దుకుని, మేజోడు తిరగేసి లాగినట్టు పాత చర్మం వదిలేసి పోతుంది. మా అత్త ఆ కుబుసం చూసి, "కొత్త కోక కట్టినాడు, ఇంక ఆకలైతాది చూడు" అనేది.

ఇక చలికాలం. ఆ చలికాలం గురించే నేను మనవడికి చెప్పాల్సి వచ్చింది. అది చెప్పాలంటే 1998 సంగతి చెప్పాలి.

ఆ ఏడు కార్తీకంలో శెనక్కాయ పీకుతున్నాం. ముందు రోజు పీకిన చెట్లు కుప్పలుగా చేలోనే ఉన్నాయి. తెల్లవారుజామున, ఇంకా వెలుగు రాకముందే కూలీలు కుప్పలెత్తడం మొదలుపెట్టారు. వాళ్లలో నా ఈడు మనిషే, మా ఇంట్లో పని ఏదైనా ముందుండేది. ఆమె కుప్ప కింద చెయ్యి పెట్టగానే రక్తపింజరి కాటేసింది. చెయ్యి మోచేతి దాకా వాచిపోయింది, చిగుళ్ల నుంచి రక్తం. మా మరిది మోటారు సైకిలు మీద మధ్యలో కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి తీసుకుపోయారు. పింజరి విషం రక్తాన్ని గడ్డకట్టనివ్వదు, మూత్రపిండాల్ని దెబ్బతీస్తుంది. పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉంది. బతికింది. కుడిచేతి రెండు వేళ్లు మాత్రం మునుపటిలా ముడుచుకోవు.

ఆ దెబ్బకు మా ఇంట్లో వాతావరణం మారిపోయింది. కూలీలు చేలోకి దిగమన్నారు. వాళ్ల భయంలో తప్పేముంది? మా బావ (మా ఆయన అన్న) ఇక ఈ పొలంలో ఒక్క పాము కూడా మిగలకూడదని పట్టుబట్టాడు. పాములు పట్టేవాళ్లను పిలిపించి, ఎంతడిగితే అంత ఇచ్చి తోటంతా దులిపేయాలన్నాడు.

అప్పటికి పుష్యమాసం వచ్చింది. పొద్దున పది గంటల వేళ, మోటారు షెడ్డు ముందు బండ మీద పెద్దాయన నిలువునా చాపుకుని పడుకుని ఉన్నాడు. మనుషులు దగ్గరికి పోయినా కదలడం లేదు. జెర్రిపోతు ఎంత చురుకైందో తెలిసినవాళ్లు గనుక కూలీలకు అది మరీ భయమేసింది. "పగబట్టి కాచుకోనుంది" అన్నారు ఒకరు. "జబ్బు చేసింది, పిచ్చి పట్టింది" అన్నారు ఇంకొకరు. బావ కర్ర అందుకున్నాడు. అంతకు ముందైతే ఆ పామును కొట్టడం ఎవరితరమూ కాదు, గాలిలా పోతుంది. ఆ రోజు మాత్రం పసిపిల్లాడైనా కొట్టేయగలడు.

మా అత్త వచ్చి మధ్యలో నిలబడింది. "చలికి కాళ్లూ చేతులూ ఆడనోన్ని కొట్టేది ఏం మగతనంరా? మద్యాన్నం రా, అప్పుడు పట్టుకో సూద్దాం" అంది. బావ కర్ర దించలేదు. తల్లి మాటకు ఎదురాడే మనిషి కాదు, కానీ ఆ రోజు అతని కళ్ల ముందు ఆ వాచిన చెయ్యి ఉంది.

అప్పుడు మాట్లాడింది ఆ చెయ్యి తాలూకు మనిషే. గోడవారగా కూర్చుని ఉంది, ఇంకా పనికి పోలేని స్థితిలో, మా అత్త ఇచ్చిన జొన్నరొట్టె తింటూ. "అన్నా, నన్ను కరిసింది అది కాదు. దాన్ని చంపితే నా చెయ్యి బాగైతాదా? పాములోళ్లకిచ్చే దుడ్లతో మాకు బ్యాటరీ లైట్లు కొనియ్యి. తెల్లారక ముందు కుప్పల్లో చెయ్యి పెట్టమనొద్దు" అంది.

బావ చాలాసేపు ఏమీ అనలేదు. కర్ర గోడకానించి లోపలికి పోయాడు. ఆ సంతకే పోయి ఆరు బ్యాటరీ లైట్లు తెచ్చాడు. మోటారు వేయడానికి రాత్రిపూట పోయేవాళ్లకు మోకాళ్ల దాకా వచ్చే బూట్లు కొన్నాడు. కుప్పల్ని ముందు పొడుగాటి కట్టెతో కదిలించి, తర్వాతే ఎత్తడం మా పొలంలో అప్పటి నుంచి పద్ధతి. పెద్దాయన జోలికి ఎవరూ పోలేదు. ఎలుకలున్న చోటికే పింజరి వస్తుంది. ఆ ఎలుకల్ని తినేవాడు పెద్దాయన. ఈ లెక్క చెప్పడానికి మా అత్తకు పుస్తకం అక్కర్లేకపోయింది.

మనవడికి ఫోనులో ఈ కథ చెప్పాను. ముందు కాస్త ఊకొట్టాడు. తర్వాత అడిగాడు, "అవ్వా, మరి పెద్దాయన ఎందుకు కదల్లేదు?"

వాడికి దోసెల పిండితో చెప్పాను. ఎండాకాలం రాత్రి పిండి రుబ్బి పెడితే తెల్లారేసరికి గిన్నె దాటి పొంగి పులిసి కూర్చుంటుంది. అదే పిండి, అదే గిన్నె, చలికాలంలో పదకొండైనా పొంగదు. పిండి అలిగిందా? వెచ్చదనం చాలలేదు. మన కడుపులో మన పొయ్యి ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. మనం తినే తిండిలో చాలా భాగం ఆ పొయ్యికే పోతుంది. పాముకు సొంత పొయ్యి లేదు. ఎండే దాని పొయ్యి, వేడెక్కిన రాయే దాని పెనం. ఒళ్లు చల్లబడితే కండరం చురుగ్గా కదలదు, కడుపులో తిండి అరగదు. అరగని తిండి లోపలే కుళ్లుతుంది, లేదా కక్కేస్తుంది. అందుకే చలికి అది తినదు. మన దగ్గర చలి ఎంతని, తెల్లవారుజామున 16, 17 డిగ్రీలు. దానికే పెద్దాయన పదింటి దాకా బండ మీద పడుకునేవాడు. మంచు కురిసే దేశాల్లో అయితే నేల లోపలికి పోయి నెలల తరబడి బయటికే రావు.

"కానీ అవ్వా, నూడిల్‌కి హీటరు ఉంది కదా, పెట్టెలో వేడిగానే ఉంది కదా?" అన్నాడు. మంచి ప్రశ్న. పెట్టెలో ఒక పక్క 32 డిగ్రీలు, ఇంకో పక్క 26 డిగ్రీలు ఉండేటట్టు వాడే చూసుకుంటాడు. అయినా బాల్ పైథాన్‌లు, ముఖ్యంగా ఎదిగిన మగవి, నవంబరు నుంచి ఫిబ్రవరి, మార్చి దాకా తిండి మానేయడం వాటిని పెంచేవాళ్లందరికీ తెలిసిన సంగతే. పుట్టిన చోట అది వానల్లేని కాలం, జత కట్టే కాలం. వాడి పాముకు నాలుగేళ్లు నిండాయి. ఇన్నాళ్లూ పిల్లపాము, అందుకే ఏ చలికాలమూ ఆగకుండా తింది. ఈ ఏడాది పెద్దదైంది.

ఇక్కడ నాకు చీనీ తోట పనికొచ్చింది. చలికాలంలో మేము చీనీ చెట్లకు నీళ్లు ఆపేస్తాం. ఆకులు వాడి, కొన్ని రాలి, చూడటానికి తోట చచ్చిపోయేట్టుంటుంది. కొత్తవాళ్లు చూస్తే గుండె ఆగిపోతుంది. తర్వాత నీళ్లు కట్టగానే కొమ్మకొమ్మకూ పూత. నీళ్లు ఆపని చెట్టుకు ఆ పూత రాదు. "ఇప్పుడు నీ నూడుల్సుకు నీళ్లు ఆపిన కాలం. ఆపింది నువ్వు కాదు, అదే" అన్నాను.

ఇంత చెప్పినా వాడికి ఒక్కటే అనుమానం, నా మీద కోపం లేదు కదా అని. ఆ జవాబు నేను చెబితే సరిపోదనిపించింది. మా అత్తకు ఇప్పుడు తొంభైకి దగ్గర. చెవులు సరిగా వినబడవు. సంక్రాంతికి పల్లెకు పోయినప్పుడు వీడియో కాల్‌లో కూర్చోబెట్టాను. మనవడు పెట్టె దగ్గరికి ఫోను పట్టుకుపోయి చూపించాడు. ఆమె కళ్లు చికిలించి చూసి, "ఏంరా ఇంత లావుండాడు, ఆకలితో ఉండేవోడు ఇట్లుంటాడా?" అంది. తర్వాత, "ఒరే నాయనా, వాడు అలగలే. అలిగేది మనమే. వాడికి చలి. నువ్వు పోయి బువ్వ తిను" అంది. అమ్మాయి చెప్పింది, ఆ రాత్రి వాడు పెరుగన్నం రెండోసారి వడ్డించుకున్నాడని.

అలాగని పాము తినకపోతే కాలమే కారణమని కళ్లు మూసుకోకూడదు. మనవడి చేత ఒక నోటుపుస్తకం పెట్టించాను. ప్రతి ఆదివారం వంటింటి తక్కెడ మీద (దానికి వేరే తక్కెడ, అదీ నా షరతే) పామును తూచి రాయాలి. నవంబరులో 1,410 గ్రాములు. జనవరి ఆఖరికి 1,350. నెలల తరబడి తినకపోయినా ఆరోగ్యంగా ఉన్న పాము ఇంతే నెమ్మదిగా తగ్గుతుంది. గబగబా బరువు పడిపోయినా, వెన్నెముక పైకి తేలినా, నోట్లో నురగ కనబడినా, నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, ఊపిరిలో గురక వినబడినా అది కాలం కాదు, జబ్బు. అప్పుడు పాముల సంగతి తెలిసిన పశువైద్యుడి దగ్గరికి పోవాల్సిందే. తాగే నీళ్లు మాత్రం ఎప్పుడూ ఉండాలి. నోరు తెరిచి కుక్కడం ఎప్పుడూ చేయకూడదు. పళ్లు విరుగుతాయి, గొంతు చీలుతుంది. పసిబిడ్డకు ఉగ్గు పోసే చెయ్యి మనది, తినని ప్రాణిని చూస్తే ఊరుకోలేం. కానీ కొన్నిసార్లు ఊరుకుని తూచి రాసుకోవడమే పెంపకం.

మనలో చాలామందికి పెంచే పాము ఉండదు. వచ్చే పాము ఉంటుంది. కాలం తెలుసుకోవడం మనకు అందుకు అవసరం. 2020లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం లెక్క ప్రకారం 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుకు పోయిన ప్రాణాలు దాదాపు 12 లక్షలు, అంటే ఏటా సగటున 58 వేలు. అందులో సగం జూన్ నుంచి సెప్టెంబరు మధ్యనే. ఎక్కువ నష్టపోయిన రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఎందుకో ఇప్పుడు మీరే చెప్పగలరు. బొరియల్లో నీళ్లు, బయట కప్పలు, పింజరి పిల్లలు పుట్టే వేళ, మనం చేలో దిగే వేళ, అన్నీ ఒక్కటే కాలం. కట్లపాము రాత్రిపూట ఇళ్లలోకి వస్తుంది, కింద పడుకున్నవాళ్లను కరుస్తుంది, నొప్పి కూడా తెలియదు.

అందుకే మృగశిర వచ్చిందంటే మా ఇంట్లో మంచం, దోమతెర, వాకిలి పక్కన బ్యాటరీ లైటు. కట్టెలు, పిడకలు గోడకు దూరంగా. రాత్రి దొడ్లోకి పోవాలంటే చెప్పులు. ఖర్మ కాలి కాటు పడితే గాజులు, ఉంగరాలు, మెట్టెలు వెంటనే తీసేయాలి, వాపొస్తే అవే కోసేస్తాయి. గట్టిగా తాడు కట్టొద్దు, బ్లేడుతో కోయొద్దు, కరిచిన చేతినో కాలినో కదపకుండా నేరుగా ఆసుపత్రికి. పామును చంపి తీసుకుపోవాల్సిన పని లేదు. నాగు, కట్లపాము, రెండు రకాల పింజరి, నాలుగింటికీ ఒకటే మందు ఇస్తారు. ఆ మందుకు కావాల్సిన విషం కూడా పాముల నుంచే కదా వచ్చేది. తమిళనాడులో ఇరుల గిరిజనులు 1978లో పెట్టుకున్న సహకార సంఘం పాముల్ని పట్టి, విషం తీసి, మళ్లీ అడవిలో వదిలేస్తుంది.

ఫిబ్రవరి ఆఖరి ఆదివారం నూడుల్సు ఎలుకను పట్టుకుంది. మనవడు అరవకుండా, కదలకుండా, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడిన ఫోటో అమ్మాయి పంపింది. పెట్టె ఇంకా ఆ మూలలోనే ఉంది. అల్లుడు దాని మాట ఎత్తడం లేదు.

మార్చిలో వాడే నాకు ఫోన్ చేశాడు. "అవ్వా, పెద్దాయన ఇప్పుడు ఏం చేస్తుంటాడు?" అన్నాడు. ఆ పెద్దాయన ఎప్పుడో పోయుంటాడు, ఇప్పుడున్నది వాళ్ల వంశంలో ఎవరో. ఆ మాట నేను చెప్పలేదు, బావను అడిగి చెబుతానన్నాను. బావకిప్పుడు డెబ్బై రెండేళ్లు, మోకాళ్ల నొప్పులు. అయినా మర్నాడు పొద్దున్నే కర్ర ఊతంగా పట్టుకుని మోటారు షెడ్డు దాకా నడిచిపోయాడట. చీనీ చెట్టు మొదట్లో పడున్న కుబుసం ఫోటో తీసి పంపాడు, ముట్టుకోకుండా. కింద వాయిస్ మెసేజ్: "పాపా, పిల్లోనికి చెప్పు. కొత్త కోక కట్టినాడు. ఇంక ఆకలైతాది."